ఐసీ 814: అమృత్‌సర్‌లో ఆ ముప్పావుగంట

శ్రీహర్ష77:
నిన్న రాత్రి భోజనాల దగ్గర మామయ్యకీ నాకూ పెద్ద వాదన. విషయం 1999 నాటి కాందహార్ హైజాక్. ఆయనది ఒకటే మాట: "విమానం మన గడ్డ మీదే దిగిందిరా, చక్రాలకి నాలుగు తూటాలు కొడితే కథ అక్కడితో సరి!" నేను కాదన్నాను గానీ, ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేక నీళ్లు నమిలాను. అందుకే ఇక్కడికొచ్చాను.

నాకు తెలిసిన వరుస ఇది, తప్పుంటే దిద్దండి. డిసెంబర్ 24 సాయంత్రం ఖాట్మండు నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఐసీ 814, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300. సిబ్బందితో కలిపి దాదాపు 190 మంది. మన గగనతలంలోకి వచ్చిన కాసేపటికి, ఐదు కావస్తుండగా ఐదుగురు లేచారు. లాహోర్‌కి పోనిమ్మన్నారు, లాహోర్ వాళ్లు దిగనివ్వలేదు. 7.01కి అమృత్‌సర్‌లో దిగింది. 7.49కి చుక్క ఇంధనం నింపుకోకుండా లేచిపోయింది. మళ్లీ లాహోర్, అక్కణ్ణుంచి దుబాయ్ దగ్గర అల్ మిన్హాద్ వైమానిక స్థావరం, మర్నాడు పొద్దునకి అఫ్గానిస్థాన్‌లోని కాందహార్. ముగ్గురు ఉగ్రవాదుల్ని వదిలాక, డిసెంబర్ 31న గానీ జనం బయటపడలేదు.

ఆ 48 నిమిషాల్లో విమానాన్ని ఆపడం నిజంగా సాధ్యమయ్యేదా? రాజకీయాలు వద్దు, పని తెలిసినవాళ్లు చెప్పండి.

రన్‌వే09:
మీ మామయ్యగారి తూటాల సంగతి ముందు తేల్చేద్దాం. ఏ300కి పది చక్రాలు. ముక్కు కింద రెండు, రెక్కల దగ్గర రెండు పక్కలా నాలుగేసి ఎనిమిది. మామూలు లారీ టైర్ కన్నా చాలా ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఉంటాయి. ఒకటి రెండు పేలినంత మాత్రాన విమానం కూలబడదు. ఆపాలంటే చాలావాటిని ఒకేసారి కొట్టాలి. అదీ చీకట్లో, ఇంజన్లు తిరుగుతుండగా, ఇంధనం ట్యాంకులున్న రెక్కల కిందికి గురిపెట్టి.

అసలు ఇబ్బంది అది కూడా కాదు. మొదటి తూటా చప్పుడు లోపలివాళ్లకీ వినబడుతుంది కదా. పిస్తోళ్లు, కత్తులు, గ్రెనేడ్లు పట్టుకుని కాక్‌పిట్లో నిలబడినవాడు ఆ చప్పుడు విన్నాక ఏం చేస్తాడో మామయ్యగారినే అడగండి.

చింతచిగురు:
సినిమాల్లో మాత్రం ఒక్క తూటాకే ఆగిపోతుంది 😀

నైట్‌షిఫ్ట్:
నేను పదకొండేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేసి మానేశాను. బయట నిలబడి లెక్కలు వేసేవాళ్లు లోపలి సంగతి కూడా ఒకసారి ఊహించుకోవాలని నా మనవి.

విమానం అమృత్‌సర్‌లో ఉన్నంతసేపూ కెప్టెన్ దేవీ శరణ్ ఇంధనం పంపండి, పంపండి అని కంట్రోల్ టవర్‌ని అడుగుతూనే ఉన్నారు. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ వెల లోపలివాళ్లే కట్టారు. ప్రయాణికుల కళ్లకి గంతలు కట్టించారు, కిటికీ షేడ్లు దింపించారు. కొందరిని కత్తులతో పొడిచారు. వాళ్లలో ఒకబ్బాయి, పాతికేళ్లవాడు, పెళ్లై నెల కూడా తిరక్కుండా హనీమూన్ నుంచి తిరిగొస్తున్నవాడు, చనిపోయాడు. ఆ అమ్మాయి కూడా అదే విమానంలో ఉంది. భర్త లేడన్న సంగతి ఆమెకి అన్నీ ముగిసి ఇంటికి చేరాక గానీ తెలియలేదు. అల్ మిన్హాద్‌లో 27 మందిని దింపినప్పుడు అతని శవాన్నీ దింపారు. ఆమె మాత్రం విమానంలోనే కాందహార్ దాకా వెళ్లింది.

కాబట్టి "ఇంకో గంట సాగదీసి ఉంటే" అనే ముందు, ఆ గంట ఎవరి మీదుగా సాగేదో కాస్త ఆలోచించండి. ఆపకూడదు అనడం లేదు నేను.

పాతబౌజర్:
తమ్ముడూ శ్రీహర్షా, పని తెలిసినవాళ్లు చెప్పమన్నావు గనక రాస్తున్నా. విమానాలకి ఇంధనం నింపే పనిలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. అమృత్‌సర్‌లో కాదు, వేరే ఊళ్లో. ఆ రాత్రి నేను డ్యూటీలోనే ఉన్నాను. టీవీ ముందు నిలబడి మేమంతా మాట్లాడుకున్నది విమానం గురించి కాదు, బౌజర్ గురించి, అంటే విమానానికి ఇంధనం తెచ్చే ట్యాంకర్ లారీ గురించి.

బౌజర్ విమానం దగ్గరికి ఎలా వెళ్తుందో బయటివాళ్లకి తెలియదు. మనిషి నడిచే వేగం, అంతే. కొంత దూరంలో ఒకసారి ఆపి, బ్రేక్ పట్టిందో లేదో చూసుకుంటాం. తర్వాత కింద నిలబడ్డ మనిషి చేతి సైగ చూసుకుంటూ రెక్క పక్కకి మెల్లగా చేరుస్తాం. విమానం ఇంజన్లు ఆగి ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా చాక్స్, అంటే కదలకుండా పెట్టే అడ్డుదిమ్మలు, పడాలి. తర్వాత బాండింగ్ వైరు తగిలించాలి, లేకపోతే స్టాటిక్ కరెంటుకి నిప్పురవ్వ పుట్టొచ్చు. ఇంధనంలో నీళ్లున్నాయేమో గాజు సీసాలో పట్టి చూడాలి. అప్పుడు గానీ గొట్టం రెక్క కిందికి వెళ్లదు. నింపుతున్నంతసేపూ చేతిలో ఒక స్విచ్ నొక్కి పట్టుకునే ఉండాలి. చెయ్యి వదిలితే ఇంధనం ఆగిపోతుంది. మేం దాన్ని డెడ్‌మ్యాన్ అంటాం.

ఓ వానరాత్రి మా కొత్త డ్రైవర్ ఒకడు ఇంటికెళ్లే తొందరలో కాస్త జోరుగా తోలుకొచ్చాడు. రెక్కకి ఇంకా చాలా దూరంలోనే ఆపాడు, ఏమీ జరగలేదు. అయినా కాక్‌పిట్ కిటికీ తెరుచుకుని కెప్టెన్ చెయ్యి బయటకొచ్చింది. అరచేయి నిలువుగా పెట్టి, ఆగు అన్నట్టు. ఆయన నోరు కూడా విప్పలేదు. ఆ చెయ్యి నాకిప్పటికీ గుర్తే. కాక్‌పిట్లో ఉన్నవాడికి బౌజర్ నడక ఎలా ఉండాలో బాగా తెలుసని అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు అమృత్‌సర్‌కి రండి. చదివినంతలో జరిగింది ఇది. విమానం ముందు అడ్డంగా నిలపడానికి ఒక బౌజర్‌ని పంపారు. అది జోరుగా వస్తుంటే, మెల్లగా రమ్మని టవర్ నుంచి రేడియోలో చెప్పారు. డ్రైవర్ మెల్లగా చేయడానికి బదులు అక్కడే ఆపేశాడు. జోరుగా వచ్చి ఠక్కున నిలబడిపోయిన బండిని చూసి హైజాకర్లకి ఏదో జరుగుతోందని అనుమానం వచ్చింది. వెంటనే లేపమన్నారు. క్లియరెన్స్ లేకుండానే విమానం పరుగందుకుంది. బౌజర్‌కి రెక్క తగలకుండా కొద్ది అడుగుల్లో తప్పింది.

ఆ డ్రైవర్‌ని నేను ఒక్క మాట అనను. ఇంధనం నింపడానికి వెళ్తున్నాడో, అడ్డం నిలబడ్డానికి వెళ్తున్నాడో అతనికి ఎవరైనా సరిగ్గా చెప్పారా అన్నదే నా అనుమానం. రెండు పనులకీ రెండు నడకలు.

రన్‌వే09:
బౌజర్ గారూ, ఇలాంటి పోస్టు కోసమే నేనీ ఫోరమ్‌లో ఉన్నది. ఒక్క సందేహం. ఆ రాత్రి ఇంజన్లు ఆపనే లేదు కదా, మరి ఇంధనం నింపడం ఎలా కుదిరేది?

పాతబౌజర్:
మామూలుగా కుదరదు. అక్కడే ఉంది కిటుకంతా. "ఇంజన్లు ఆపితే గానీ గొట్టం పెట్టం, నిప్పంటుకుంటుంది" అని టవర్ గట్టిగా చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. ఒకసారి ఇంజన్లు ఆగి, చాక్స్ పడితే, మళ్లీ కదలడానికి టైము పడుతుంది. ఆ మాట ఆ రాత్రి ఎవరైనా అన్నారో లేదో నేను చెప్పలేను. నేనైతే అదే అనేవాణ్ణి.

కృష్ణవేణి_టి:
అమృత్‌సర్ అనగానే అందరూ 1999 అంటారు గానీ, ఆరేళ్ల ముందు అదే ఎయిర్‌పోర్టులో మనవాళ్లు గెలిచారు. 1993 ఏప్రిల్ 24. ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్లే ఐసీ 427ని ఒకడు హైజాక్ చేశాడు. లాహోర్ వాళ్లు దిగనివ్వలేదు, విమానం వెనక్కొచ్చి అమృత్‌సర్‌లో దిగింది. అర్ధరాత్రి దాటాక ఎన్‌ఎస్‌జీ (నేషనల్ సెక్యూరిటీ గార్డ్) కమాండోలు లోపలికెళ్లి నిమిషాల్లో ముగించారు. హైజాకర్ చచ్చాడు. 141 మందిలో ఒక్కరికీ ప్రాణాపాయం లేదు.

అదే ఎయిర్‌పోర్టు, అదే దళం. మరి 1999లో ఏమైంది? ఢిల్లీలో క్రైసిస్ మేనేజ్‌మెంట్ గ్రూప్ కూర్చుని తర్జనభర్జన పడుతుంటే విమానం ఎగిరిపోయింది. కమాండోలు అమృత్‌సర్ చేరనే లేదు.

రన్‌వే09:
మేడమ్, పోలిక బాగుంది గానీ రెండు తేడాలు మరవకండి. 1993లో వాడొక్కడే. ఇక్కడ ఐదుగురు, చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్ అని మారుపేర్లు పెట్టుకుని మరీ వచ్చినవాళ్లు. రెండోది, 1993లో విమానం గంటల తరబడి నిలబడింది. ఢిల్లీ నుంచి దళం వచ్చేదాకా విమానం ఉంటేనే కదా దళానికి పని. 48 నిమిషాలు అంటే మీటింగ్‌కి కుర్చీలు సర్దుకునే టైము.

కృష్ణవేణి_టి:
48 నిమిషాలు అనకండి. ఐదింటికే హైజాక్ అని తెలుసు. అమృత్‌సర్‌లో దిగింది ఏడింటికి. మధ్యలో రెండు గంటలున్నాయి! ప్రధాని వాజ్‌పేయి ఆ సమయంలో వేరే విమానంలో ప్రయాణంలో ఉన్నారు, దిగాక గానీ ఆయనకి చెప్పలేదని అప్పట్లో ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. దిగేదాకా ఆగాల్సినంత చిన్న కబురా అది?

రన్‌వే09:
ఒప్పుకుంటున్నా. లెక్క ఐదింటి నుంచే వేయాలి.

ఈ సందర్భంలో ఫ్రాన్స్ సంగతి చెప్పాలి. 1994 డిసెంబర్, సరిగ్గా క్రిస్మస్ ముందురోజే. అల్జీర్స్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 8969ని నలుగురు పట్టుకున్నారు. అదీ ఏ300 విమానమే. అల్జీర్స్‌లోనే ముగ్గురు ప్రయాణికుల్ని చంపారు. తర్వాత విమానం ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో దిగింది. అక్కడ హైజాకర్లు 27 టన్నుల ఇంధనం అడిగారు. పారిస్ వెళ్లడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అంత ఇంధనం ఎందుకు? విమానాన్నే బాంబులా వాడి పారిస్ మీద పడేయబోతున్నారని ఫ్రెంచివాళ్లు గట్టిగా నమ్మారు. ఏవో సాకులు చెబుతూ సాగదీశారు, విమానాన్ని మాత్రం కదలనివ్వలేదు. డిసెంబర్ 26 సాయంత్రం కమాండోలు ఎక్కారు. నలుగురూ చచ్చారు. లోపల మిగిలిన ప్రయాణికులంతా బతికారు. చాలామందికి గాయాలయ్యాయి.

మార్సెయ్ వాళ్లకి ముందే తెలిసిన విషయం ఒక్కటే: ఈ విమానం ఇక్కణ్ణుంచి కదలకూడదు. అమృత్‌సర్‌లో ఆ ఒక్క మాట చెప్పేవాడే లేకపోయాడు.

నైట్‌షిఫ్ట్:
కదలకపోతే చాలు అనుకునేవాళ్లు కరాచీ కూడా చదవాలి. 1986 సెప్టెంబర్ 5, ముంబై నుంచి వచ్చి కరాచీలో ఆగిన పాన్ ఆమ్ 73. సెక్యూరిటీవాళ్ల వేషంలో నలుగురు ఎక్కారు. క్యాబిన్ నుంచి హెచ్చరిక అందగానే పైలట్లు కాక్‌పిట్ పైకప్పులో ఉండే చిన్న తలుపు, హ్యాచ్‌లోంచి దిగి వెళ్లిపోయారు. పద్ధతి ప్రకారం అది సరైనదే. నడిపేవాళ్లు లేకపోతే విమానం ఎక్కడికి పోతుంది? చక్రాలు కొట్టడం కన్నా తిరుగులేని ఉపాయం.

తర్వాత ఏమైందో తెలుసు కదా. పదహారు గంటలకి పైగా విమానం అక్కడే ఉంది. చీకటి పడ్డాక విమానంలో కరెంటు ఆగిపోయింది, లైట్లు మసకబారాయి. కమాండోలు వచ్చేస్తున్నారనుకున్నారో ఏమో, హైజాకర్లు జనం మీద కాల్పులు మొదలుపెట్టారు, గ్రెనేడ్లు విసిరారు. 20 మందికి పైగా పోయారు. ఆ విమానం క్యాబిన్ క్రూలో ఉన్న నీరజా భానోత్ తలుపు తెరిచి జనాన్ని బయటికి పంపుతూ చనిపోయింది. ఇంకో రెండు రోజుల్లో ఇరవై మూడో పుట్టినరోజు. తర్వాత అశోక చక్ర ఇచ్చారు.

మాకు ట్రైనింగ్‌లో ఆమె కథ చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ కదల్లేదు. తలుపు తెరిచినవాళ్లే ముందు దూకేయొచ్చు. మాకు నేర్పేది దానికి సరిగ్గా ఉల్టా.

చింతచిగురు:
కాస్త గాలి మార్చుదాం. 1978 డిసెంబర్‌లో లక్నో నుంచి ఢిల్లీ వెళ్లే విమానాన్ని భోలానాథ్ పాండే, దేవేంద్ర పాండే అని ఇద్దరు హైజాక్ చేశారు. ఆయుధాలు? బొమ్మ పిస్తోళ్లు! డిమాండ్? జైల్లో ఉన్న ఇందిరా గాంధీని వదలాలని. వారణాసిలో దిగి లొంగిపోయారు. 1980లో ఇద్దరూ ఎమ్మెల్యేలయ్యారు. టికెట్ కొని విమానం ఎక్కితే పార్టీ టికెట్ దొరికింది.

మోడరేటర్:
జోకు బాగుంది. దీని వెనకే పార్టీల గొడవ మొదలవకుండా చూడండి. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

శ్రీహర్ష77:
మామయ్యకి బౌజర్ గారి పోస్టు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన వేసిన ప్రశ్న: "సరే, అమృత్‌సర్ పోయింది. మరి కాందహార్‌లో ఎందుకు వంగారు?"

లాయర్‌గిరి:
ఎందుకంటే కాందహార్‌లో మన చేతిలో ఏమీ లేదు. తాలిబాన్ ప్రభుత్వాన్ని మనం గుర్తించనే లేదు. విమానం చుట్టూ వాళ్ల సాయుధులు. అక్కడ కమాండో చర్యకి ఎవరి అనుమతి అడుగుతారు? హైజాకర్లు మొదట 36 మంది ఖైదీల్ని, 20 కోట్ల డాలర్లని, సజ్జాద్ అఫ్గానీ అనే ఉగ్రవాది శవాన్ని అడిగారు. మన తరఫున అజిత్ దోవల్, వివేక్ కట్జూ, సి.డి. సహాయ్ లాంటి అధికారులు మాట్లాడి మాట్లాడి దాన్ని ముగ్గురి దాకా తెచ్చారు. మసూద్ అజహర్, అహ్మద్ ఒమర్ సయీద్ షేక్, ముస్తాక్ అహ్మద్ జర్గర్. ఇటు ఢిల్లీలో బంధువులు ప్రధాని ఇంటి ముందు కూర్చున్నారు. టీవీలన్నీ వాళ్లనే చూపిస్తున్నాయి. జమ్మూ కాశ్మీర్ ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లా వదలడానికి వీల్లేదని గట్టిగా అడ్డుపడ్డారు, ఆఖరికి ఆయన్నీ ఒప్పించారు. విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్ ఆ ముగ్గురూ ఉన్న విమానంలోనే కాందహార్ వెళ్లారు.

కృష్ణవేణి_టి:
ఆ ముగ్గురి తర్వాతి లెక్క కూడా రాయండి మరి. మసూద్ అజహర్ 2000లో జైష్-ఎ-మొహమ్మద్ పెట్టాడు. 2001 పార్లమెంటు దాడి, 2019 పుల్వామా, ఆ పేరు ఎన్నిసార్లు విన్నాం? ఒమర్ షేక్ పేరు అమెరికన్ విలేకరి డేనియల్ పెర్ల్ కిడ్నాప్ కేసులో వచ్చింది. 190 మందిని కాపాడుకున్నాం సరే, తర్వాత పోయినవాళ్లని ఏ పద్దులో రాస్తారు?

నైట్‌షిఫ్ట్:
కృష్ణవేణి గారూ, మీ అమ్మాయి ఆ విమానంలో ఉంటే ఇదే రాసేవారా?

కృష్ణవేణి_టి:
రాసేదాన్ని కాదు. నేనూ వెళ్లి ఆ ఇంటి ముందు కూర్చునేదాన్ని. అందుకే అలాంటి నిర్ణయం బంధువుల ఏడుపుకీ టీవీ కెమెరాలకీ మధ్య తీసుకోకూడదంటున్నా. కాందహార్‌లో వంగారని కాదు నా కోపం. ఐదింటికీ ఏడింటికీ మధ్య నిద్రపోయారని.

లాయర్‌గిరి:
మీ కోపానికి జవాబులా కొంత మార్పు వచ్చింది లెండి. హైజాక్ అయిన విమానాన్ని ఆయుధంగా వాడబోతున్నారని తేలితే కూల్చడానికి కూడా వీలు కల్పిస్తూ 2005లో విధానం తెచ్చారు. 1982 నాటి చట్టం తీసేసి 2016లో కొత్త చట్టం చేశారు. హైజాక్‌లో ఎవరైనా చనిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చు. నిజంగా చేయకపోయినా, చేస్తానని బెదిరించినా నేరమే.

తమాషా ఏంటంటే ఆ కొత్త చట్టం కింద పెద్ద శిక్ష పడ్డ మొదటి కేసులో తుపాకీ లేదు, కత్తి లేదు. 2017లో ముంబై-ఢిల్లీ విమానం టాయిలెట్లో దొరికిన ఒక బెదిరింపు చీటీ. 2019లో కింది కోర్టు యావజ్జీవం, 5 కోట్ల జరిమానా వేసింది. 2023లో గుజరాత్ హైకోర్టు కొట్టేసింది.

రన్‌వే09:
చట్టం కన్నా పెద్ద మార్పు కాక్‌పిట్ తలుపు. 1999లో అది మామూలు తలుపు. కాక్‌పిట్లోకి టీ తీసుకెళ్తున్న సమయంలోనే వెనకాలే జొరబడ్డారు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత తూటా దిగని తలుపులు వచ్చాయి, లోపల్నుంచి పైలట్ ఒప్పుకుంటేనే తెరుచుకునేవి. దాని కష్టం దానికీ ఉంది. 2015లో జర్మన్‌వింగ్స్ అనే జర్మన్ సంస్థ విమానంలో కెప్టెన్ టాయిలెట్‌కి వెళ్లి తిరిగొస్తే కోపైలట్ తలుపు తీయలేదు. ఆల్ప్స్ కొండల్లో కూల్చేశాడు. లోపలున్న 150 మందీ పోయారు.

శ్రీహర్ష77:
బౌజర్ గారూ, చివరిగా మామయ్య తరఫున ఒక ప్రశ్న. ఆ రాత్రి అమృత్‌సర్‌లో మీరే డ్యూటీలో ఉండి, వెళ్లి అడ్డం పెట్టమని చెబితే వెళ్లేవారా?

పాతబౌజర్:
రెండు రోజులు ఆలోచించాను తమ్ముడూ, అందుకే ఆలస్యం.

వెళ్లేవాణ్ణే అనుకుంటున్నా. బండి నిండా ఏటీఎఫ్ (విమాన ఇంధనం), ఎదురుగా తిరుగుతున్న ఇంజన్లు, భయం లేదంటే అబద్ధం. అయితే ముందు ఒకటి అడిగేవాణ్ణి, ఈ మాట ఎవరిది, నీదా, ఢిల్లీదా అని. మధ్యలో మార్చనని మాటిస్తేనే స్టార్ట్ చేసేవాణ్ణి. రేడియో కట్టేసేవాణ్ణి. ఆ తర్వాత మామూలుగా వెళ్లినట్టే వెళ్లేవాణ్ణి, నడక వేగంతో. ఒకచోట ఆపి, ఎప్పట్లాగే బ్రేక్ చూసుకుని. కాక్‌పిట్లోంచి ఎవరు చూసినా, ఇంధనం వస్తోంది అనుకోవాలి.

ముక్కు చక్రం ముందు దాకా అలా వెళ్లి హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి తీసుకుని, అవతలి డోర్‌లోంచి దిగి చీకట్లోకి పరిగెత్తేవాణ్ణి. మా ఆవిడ పక్కనే కూర్చుని ఇది చదువుతోంది. మోకాళ్లు నొప్పంటూ మెట్లు దిగలేని మనిషివి, ఏం పరిగెడతావు అంటోంది. అప్పుడు నా వయసు నలభై ఒకటి అని చెప్పాను.